మూడు కట్టుబాట్లు

ఒంగోలు ప్రాంతపు క్రైస్తవ కుటుంబాల్లో 2,222 అనే అంకె వినని వాళ్లు అరుదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో బాప్తిస్మం పొందినవాళ్ల సంఖ్య అది. ముందురోజు 614 మంది, మర్నాడు 700 మంది. మూడు రోజుల్లో మొత్తం 3,536. అంకె పెద్దది కాబట్టి సండే స్కూలు పాఠాల్లో, సంఘ వార్షికోత్సవ ప్రసంగాల్లో అదే నిలిచిపోయింది. ఆ రోజు తడిబట్టలతో ఇంటికి నడిచిన మనిషి ఆ తర్వాత ఏం చేశాడు, ఏం మానేశాడు, అందుకు ఊరు అతణ్ని ఏం చేసింది అని మాత్రం అంతగా ఎవరూ అడగలేదు. ఆత్మీయ ఎదుగుదల అని ఇవాళ ప్రసంగాల్లో వినిపించే మాటకు తెలుగు నేల మీద మొదటి అర్థం ఆ తర్వాతి రోజుల్లోనే దొరుకుతుంది.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో మొదలై, 1840 నుంచి నెల్లూరులో నిలదొక్కుకుంది. నిలదొక్కుకుందనడం కూడా పెద్ద మాటే. ఏళ్ల తరబడి వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే చేరడంతో అమెరికాలోని పెద్దలు దాన్ని మూసేద్దామని ఒకటికి రెండుసార్లు తర్జనభర్జన పడ్డారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూవెట్ దంపతులు, వాళ్లతో నర్సు, రూతు, జూలియా అనే ముగ్గురు తెలుగువాళ్లు ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ కొండకు ప్రార్థన కొండ అనే పేరు అలా వచ్చింది. మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ నెల్లూరుకు వచ్చింది 1865లో, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడేటప్పటికి సభ్యులు ఎనిమిది మంది.

అసలు మలుపు తిప్పింది మాత్రం యర్రగుంట్ల పేరయ్య. ఆయన మాదిగ, తోళ్ల వ్యాపారి. అంతకుముందే రాజయోగ సాధన చేసి, చుట్టుపక్కల పల్లెల్లో శిష్యులున్న గురువు. తోళ్ల బేరానికి ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీల నోట యేసు మాట విన్నారు. ఒంగోలుకు కూడా ఒక దొర వస్తాడని అక్కడే తెలిసింది. 1866లో భార్య నాగమ్మతో కలిసి వచ్చి బాప్తిస్మం తీసుకున్నారు. తర్వాత ఆయన ఏ మిషన్ కాంపౌండులోనూ కూర్చోలేదు. గురువుగా ఉన్నప్పుడు ఎలా తిరిగారో అలాగే పల్లె పల్లె తిరిగారు. ఏ గూడెంలో పొద్దు గుంకితే అక్కడే తిండి, అక్కడే పడక. చెప్పులు కుట్టుకుంటున్న వాళ్ల పక్కన కూర్చుని వాళ్ల చేతులు ఆడుతుండగానే మాట్లాడేవారు. పేరయ్యలాంటి మనుషుల జీవిత కథల్ని క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ వాళ్ల నోటనే విని, 1899లో ఒక పుస్తకంగా అచ్చువేశారు. చెప్పులు కుడుతూ చెప్పుకున్న కథలు అన్న అర్థం వచ్చే పేరే ఆ పుస్తకానికి పెట్టారు.

అప్పటికే ఒంగోలులో పై కులాల వాళ్లు కొందరు క్రైస్తవం వైపు చూస్తున్నారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని వాళ్లు ఖరాఖండీగా చెప్పారు. క్లౌ, ఆయన మొదటి భార్య హ్యారియెట్ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం 26వ వచనం దగ్గరే తెరుచుకుందని క్లౌ చెప్పుకున్నారు. లోకం బలహీనులనీ నీచులనీ చూసేవాళ్లనే దేవుడు ఎన్నుకున్నాడని పౌలు చెప్పే చోటు అది. ఆ రోజుతో తర్జనభర్జన ముగిసింది. గూడెం సంఘంలోకి వచ్చింది, పై కులాలు చాలావరకు వెనక్కి తగ్గాయి.

చేరిన వాళ్లకు క్లౌ పెట్టిన కట్టుబాట్లు మూడే. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు.

చూడటానికి ఎంతో తేలికైన మాటలు. కానీ ఆనాటి పల్లె నడక తెలిసిన వాళ్లకు అవి ఎంత బరువైనవో అర్థమవుతుంది. ఊళ్లో మాదిగ కుటుంబానికి జీతం ఉండేది కాదు, మేర ఉండేది. ఏడాది పొడుగునా రైతుకు చెప్పులు కుట్టాలి, బావి మీద కపిల తోలు తొండం బాగుచెయ్యాలి, పగ్గాలు, వార్లు సిద్ధంగా ఉంచాలి, పిలిస్తే పొలంలోకి దిగాలి. పంట ఇంటికి వచ్చే రోజున కళ్లంలో రైతు కొలిచి పోసిన గింజలే ఆ ఏడాది బతుకు. ఊళ్లో చచ్చిన గొడ్డు వాళ్లదే. తోలు ఒలిచి, తంగేడు చెక్కతో లందలో ఊనితే అదే మళ్లీ రైతు కాలికి చెప్పవుతుంది. మాంసం వాళ్ల కుండలోకి వెళ్తుంది. ఆకలి రోజుల్లో అదే విందు. అంకమ్మ, పోలేరమ్మ కొలుపులు జరిగితే డప్పు కొట్టే చెయ్యి కూడా వాళ్లదే.

ఇప్పుడు మూడు కట్టుబాట్లనూ ఈ బతుకు పక్కన పెట్టి చూడండి. నాట్లు పడే వారంలో ఆదివారం పనికి రానంటే రైతు ఊరుకుంటాడా? చచ్చిన గొడ్డును లాక్కుపోయి తోలు ఒలిచాక మాంసం పారేస్తే, తరతరాలుగా తింటున్న చుట్టాలు పక్క గుడిసెల్లో ఉండగా, తిననన్న వాడి ఇంటికి ఏ చుట్టం వస్తాడు? అమ్మవారి జాతరలో డప్పు కొట్టనంటే ఊరి పెద్దలకు అది దేవుడి సంగతిగా కనపడదు, మాట వినని పనివాడి పొగరుగానే కనపడుతుంది. చాలా ఊళ్లలో అలాగే కనపడింది. కరణాలు, మునసబులు బావుల దగ్గరికి రానివ్వకపోవడం, పశువుల్ని మేపుకోనివ్వకపోవడం, వెట్టికి పట్టుకుపోవడం వంటివి 1860ల చివర నుంచే మొదలయ్యాయి. కంభం, మార్కాపురం వైపు పల్లెల నుంచి మైళ్లు నడిచి ఒంగోలు వచ్చి దొరతో మొరపెట్టుకున్న వాళ్లున్నారు. దొర కలెక్టరుకు ఉత్తరం రాయగలిగారు. కానీ అక్కడ కళ్లంలో మేర కొలవని రైతుకు ఏ ఉత్తరం పనిచేస్తుంది?

ఈ మూడింట్లో ఆదివారం కట్టుబాటే ఎక్కువ గొడవ తెచ్చింది. అయినా జనం దాన్ని వదల్లేదు. తరతరాలుగా తన రోజు తనది కాని మనిషికి వారంలో ఒక రోజు దేవుడి పేరుతో తన సొంతమైంది. దాని విలువ గురించి ఆ మనిషికి ఏ వేదాంతమూ నేర్పనక్కర్లేదు.

1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని దహించిన కరువు ఈ కథలోకి మరో పరీక్ష తెచ్చింది. మద్రాసు ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తుంటే, అందులో మూడున్నర మైళ్ల ముక్కను క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఇంజనీరింగు చదవలేదు కానీ అమెరికాలో కుర్రతనంలో సర్వే బృందాలతో తిరిగిన మనిషి ఆయన. పనికి వచ్చిన వాళ్లందరికీ కూలి దొరికింది, కులం అడగలేదు. సంఘ బోధకులే మేస్త్రీలయ్యారు. మధ్యాహ్నం పని ఆపినప్పుడు, రాత్రి గుడారాల దగ్గర వాళ్ల మాటలు సాగేవి. బాప్తిస్మం ఇమ్మని అడిగిన వాళ్లు వేలల్లో ఉన్నారు. క్లౌ ఒప్పుకోలేదు. కూటి కోసం చేరారన్న మాట పడటం ఆయనకు ఇష్టం లేదు. సుమారు పదిహేను నెలలు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు తగ్గి, పంచే తిండి ఆగిపోయాకే 1878 జూన్‌లో తలుపు తెరిచారు. అప్పుడు వచ్చిన జనమే గుండ్లకమ్మ ఒడ్డుకు చేరింది.

ఆ ఒడ్డున ఏం జరిగిందో క్లౌ వివరంగా చెప్పారు. ఉదయం ఆరింటికల్లా మొదలు. నీళ్లలో ఒకేసారి ఇద్దరు బోధకులు, వాళ్లు అలిసిపోతే మరో ఇద్దరు, అలా ఆరుగురు తెలుగు బోధకులు. గట్టు మీద గుమాస్తాలు ఒక్కొక్కరి పేరూ చదువుతారు, పేరు వినపడ్డ మనిషి నీళ్లలోకి దిగుతాడు. మిట్ట మధ్యాహ్నం ఆపి, ఎండ తగ్గాక మళ్లీ మొదలుపెట్టి, పొద్దువాటారేసరికి ముగించారు. ఆ రోజు దొర స్వయంగా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఇది చిన్న సంగతి కాదు. 2,222 మందిని నీళ్లలోంచి లేపిన చేతులన్నీ తెలుగు చేతులే.

ఆ ఏడాది ముగిసేసరికి ఒంగోలు సంఘ సభ్యత్వం 12 వేలు దాటింది. ఇంతమందిని విశ్వాసంలో నిలబెట్టడం ఎలా? ఇక్కడ క్లౌ తెలివి కంటే పల్లె తెలివే ఎక్కువ పనిచేసింది. గూడెం పెద్దలే సంఘ పెద్దలయ్యారు. తగువులు మునుపటిలాగే చెట్టు కిందే తీరాయి. మూడు నెలలకోసారి బోధకులు, పెద్దలు, వీలున్న జనం కాలినడకన ఒంగోలు చేరి మిషన్ కాంపౌండులో చెట్ల కింద వంటలు చేసుకుంటూ రోజుల తరబడి కూటాలు పెట్టుకునేవారు. ఏ పల్లెలో ఎవరు తప్పిపోయారు, ఎవరు చచ్చిన గొడ్డు మళ్లీ తిన్నారు, ఎవరి మీద కేసు పడింది అన్నీ అక్కడే తేలేవి. చదువు లేని వాళ్లకు పాటే పుస్తకమైంది. పురుషోత్తమ చౌదరి వంటి వాళ్లు కట్టిన కీర్తనలు నోటికి నేర్చుకుంటే అందులోనే సిద్ధాంతం, ప్రార్థన, ఓదార్పు అన్నీ వచ్చేవి. బోధకుల తయారీకి రామాయపట్నంలో అప్పటికే సెమినరీ ఉంది. పల్లె పల్లెకు ఉపదేశి వచ్చాడు. పగలు పిల్లలకు అక్షరాలు, రాత్రి పెద్దలకు ప్రార్థన, రెండూ అదే చూరు కింద.

ఇళ్లలోకి విశ్వాసాన్ని మోసింది ఆడవాళ్లు. కొండ మీద ప్రార్థనలో ఉన్న జూలియా తర్వాత బైబిలు స్త్రీగా ఇల్లిల్లూ తిరిగారు. మగ బోధకులు గుమ్మం దాటలేని ఇళ్లలోకి ఈ స్త్రీలు వెళ్లగలిగారు. వంటకు ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి పక్కన కుండలో వేసి, ఆదివారం మందిరానికి తీసుకెళ్లే అలవాటు అనేక తెలుగు సంఘాల్లో పాతుకుపోయింది. పూట గడవని ఇంట్లో పిడికెడు బియ్యం తియ్యడమంటే ఏమిటో ఆ ఇల్లాలికే తెలుసు. సంఘంలో తీర్మానం చేసేవాళ్లలో ఆమె లేదు, చాలాచోట్ల ఆమె పేరు కూడా ఎక్కడా రాసి లేదు. అయినా రోజుకు రెండుసార్లు పొయ్యి దగ్గర విశ్వాసాన్ని ఆచరించింది ఆమే.

డోర్నకల్ కథ మరో దారి. తిరునల్వేలి నుంచి వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో అక్కడికి చేరి, తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘపు మొదటి భారతీయ బిషప్ అయ్యారు. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ల చెయ్యి వాళ్ల తల మీదే పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాటను వాళ్ల చేతే పలికించేవారు. అంటే మొదటి రోజునుంచే ప్రతి ఒక్కరూ సాక్షి. సాయంత్రం గంట కొడితే పల్లెంతా మందిరంలో చేరే పద్ధతి, కానుకలు సంఘమే పోగుచేసుకునే పద్ధతి, తెలుగు బాణీల్లో భజనలు ఆయన పట్టుబట్టి ప్రోత్సహించినవి. మాల, మాదిగ పల్లెల మధ్య ఉన్న పాత అడ్డుగోడ ప్రభువు బల్ల దగ్గర కూడా నిలిచి ఉండటం ఆయన్ని బాధపెట్టింది. ఆ గోడ ఇప్పటికీ చాలాచోట్ల పూర్తిగా కూలలేదన్నది తెలుగు సంఘాలు ఒప్పుకోవలసిన నిజం.

1933లో మిషనరీ వాస్కమ్ పికెట్ దేశంలోని సామూహిక మతమార్పిడి ఉద్యమాలపై పెద్ద అధ్యయనం వెలువరించారు. అందులో తెలుగు ప్రాంతాలు కూడా ఉన్నాయి. ఆయన తేల్చిన ముఖ్యమైన మాట ఇది. జనం ఏ ఉద్దేశంతో చేరారన్న దానికంటే, చేరాక వాళ్లకు బోధ, క్రమం తప్పని ఆరాధన దొరికాయా లేదా అన్నదే వాళ్ల ఎదుగుదలను నిర్ణయించింది. కూటి కోసం చేరారని వెక్కిరించే వాళ్లకు ఇంతకంటే సూటి జవాబు లేదు.

ఈ కథలో పోయినవీ ఉన్నాయి. డప్పు వదిలెయ్యడం ఆనాటి దాస్యానికి ఎదురు తిరగడమే. అయితే దాంతోపాటు ఒక కళ కూడా చాలా క్రైస్తవ గూడేల్లో చేజారింది. నూరేళ్లు దాటాక, 1994లో ఒంగోలు ఉన్న ప్రకాశం జిల్లాలోనే, ఈదుమూడిలో మాదిగ దండోరా ఉద్యమం పుట్టినప్పుడు డప్పు ఆత్మగౌరవ చిహ్నంగా తిరిగి చేతికొచ్చింది. తాత కింద పెట్టినదాన్ని మనవడు పైకెత్తాడు. ఇద్దరిదీ సరైన పనే, కాలాలు వేరు.

ఇవాళ కట్టుబాటు మరో రూపంలో ఎదురవుతోంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డు కులం హోదా లేదు. తెలుగు రాష్ట్రాల్లో వాళ్లను బీసీ-సి కింద పెట్టారు, రిజర్వేషన్ ఒక్క శాతం. దాంతో ఆదివారం మందిరంలో ఒక పేరు, సర్టిఫికెట్‌లో మరో గుర్తింపు పెట్టుకుని బతికే కుటుంబాలు ఎన్నో. కళ్లంలో మేర పోగొట్టుకున్న ముత్తాత ముందున్న ప్రశ్నే ఇప్పుడు కాలేజీ సీటు ముందు మునిమనవరాలికి ఎదురైంది. ఆమెను తప్పుపట్టే ముందు సంఘాలు ఆ ఉత్తర్వు అన్యాయం గురించి గట్టిగా మాట్లాడాలి.

పేరయ్య కథ మనకు మిగిలిందంటే ఒకామె కూర్చుని విని రాసింది కాబట్టే. మిగతా వేలమంది కథలు ఇంకా ఇళ్లలోనే ఉన్నాయి. మీ ఊరి మందిరంలో పాత బాప్తిస్మపు రిజిస్టరు ఉంటే చెదలు పట్టకముందే ఫొటోలు తీసిపెట్టండి. ఇంట్లో ఎనభై దాటిన అమ్మమ్మ ఉంటే ఉపదేశి గురించి, పిడికెడు బియ్యం గురించి, మేర ఆగిపోయిన ఏడాది గురించి అడిగి ఆమె మాటల్లోనే రాసుకోండి.