రక్తం పలచబడే మందులు

రక్తం గడ్డకట్టకుండా, లేదా ఆలస్యంగా గడ్డకట్టేలా చేసే ఔషధాలను వాడుకలో రక్తం పలచబడే మందులు అంటారు. పేరు స్థిరపడిపోయింది గానీ, తప్పు పేరు. ఈ బిళ్ల వేసుకున్నంత మాత్రాన రక్తం నీళ్ల మజ్జిగలా అయిపోదు. చిక్కదనం ఎప్పటిలాగే ఉంటుంది, గడ్డకట్టే తీరే మారుతుంది. గుండెలో లోహపు కవాటం అమర్చినవారు, గుండె లయ తప్పినవారు, కాలి సిరలో గడ్డ ఏర్పడినవారు, స్టెంటు వేయించుకున్నవారు వీటిని ముఖ్యంగా వాడతారు.

నల్లమల అంచున ఉన్న త్రిపురాంతకం, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతంలో గడ్డకట్టని రక్తం అంటే ముందు గుర్తొచ్చేది మందుబిళ్ల కాదు, రక్తపింజర. ఆ పాము కాటునూ ఈ మందులనూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ తేలిగ్గా అర్థమవుతాయి.

గడ్డ కట్టే తీరు

కంది కోస్తుంటే కొడవలి వేలికి తగిలిందనుకుందాం. తెగిన రక్తనాళం ముందు ముడుచుకుంటుంది. తర్వాత ప్లేట్‌లెట్లు వచ్చి ఆ చోట అంటుకుంటాయి. డెంగీ జ్వరాల పుణ్యమా అని ఇవి ఇప్పుడు ఊరందరికీ తెలిసినవే. ఘన మిల్లీమీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగు లక్షల దాకా ఉంటాయి. అంటుకున్నవి థ్రాంబాక్సేన్, ఏడీపీ అనే రసాయనాలను వదిలి మిగతావాటిని పిలుస్తాయి. అలా ఏర్పడిన ముద్ద వదులుగా ఉంటుంది. అది నిలవాలంటే పైన వల పడాలి.

ఆ వలే ఫైబ్రిన్. కాలేయంలో తయారయ్యే ఫ్యాక్టర్లు అనే ప్రొటీన్లు ఒకదాన్నొకటి తట్టిలేపుకుంటూ పోతాయి. చివరి మూడు మెట్లు గుర్తుంచుకుంటే చాలు: మేల్కొన్న పదో ఫ్యాక్టరు ప్రోత్రాంబిన్‌ను త్రాంబిన్‌గా మారుస్తుంది, త్రాంబిన్ ఫైబ్రినోజన్ అనే కరిగి ఉన్న ప్రొటీన్‌ను ఫైబ్రిన్ పోగులుగా మారుస్తుంది, పోగులు వలగా అల్లుకుంటాయి. గాయం దగ్గర ఇది ప్రాణం నిలబెట్టే పని. ఇదే పని గాయం లేని చోట, గుండె ధమనిలోనో మెదడు ధమనిలోనో జరిగితే గుండెపోటు, పక్షవాతం.

మందులు ఎక్కడ అడ్డుపడతాయి

మందుల్లో ఒక వర్గం ప్లేట్‌లెట్ల మీద, మరో వర్గం ఫ్యాక్టర్ల మీద పనిచేస్తుంది. ధమనుల్లో వచ్చే గడ్డల్లో ప్లేట్‌లెట్ల పాలు ఎక్కువ కాబట్టి గుండెపోటు వచ్చినవారికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఇస్తారు. 75 మిల్లీగ్రాముల చిన్న ఆస్పిరిన్ బిళ్ల థ్రాంబాక్సేన్ తయారీకి కావలసిన ఎంజైమును శాశ్వతంగా చెడగొడుతుంది. ప్లేట్‌లెట్‌కు కేంద్రకం లేదు, కొత్త ఎంజైమును తయారు చేసుకోలేదు. అందుకే బిళ్ల మానేసినా దాని ప్రభావం ప్లేట్‌లెట్ ఆయుష్షు ఉన్నంతకాలం, అంటే వారం పది రోజులు నిలుస్తుంది. క్లోపిడోగ్రెల్ ఏడీపీ పిలుపు వినబడకుండా చేస్తుంది.

హెపారిన్ ఫ్యాక్టర్ల వర్గంలోది. 1916లో అమెరికాలో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థి కుక్క కాలేయంతో పనిచేస్తుండగా బయటపడిన పదార్థం ఇది. నేడు ఎక్కువగా పంది పేగుల నుంచి తీస్తారు. రక్తంలో సహజంగా ఉండే యాంటీత్రాంబిన్ అనే ప్రొటీన్‌కు ఇది బలమిస్తుంది. ఇంజెక్షన్‌గా ఇస్తారు, పని వెంటనే మొదలవుతుంది.

వార్ఫరిన్ చరిత్ర పశువుల కొట్టంలో మొదలైంది. బూజు పట్టిన తీపి క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తం ఆగక చనిపోతుంటే, 1933లో విస్కాన్సిన్ రైతు ఒకడు గడ్డకట్టని రక్తాన్ని పాత్రలో పోసుకుని కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాలకు తెచ్చాడు. ఆ గడ్డిలోంచి డైకుమరాల్ తేలింది. దాని వారసుడు వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకొచ్చి, 1954లో మనుషుల మందుగా అనుమతి పొందింది. మన పొలాల్లో ఎలుకలకు పెట్టే బ్రోమడయోలోన్ కూడా ఈ కుటుంబానిదే. మన దేశంలో వార్ఫరిన్ కన్నా దాని తోబుట్టువు ఎసినోకుమరాల్ వాడకం ఎక్కువ. రోగులకు అది ఎసిట్రోమ్ అంటేనే తెలుస్తుంది.

రెండో ఫ్యాక్టరు అయిన ప్రోత్రాంబిన్, ఏడు, తొమ్మిది, పది ఫ్యాక్టర్లకు కాలేయం చివర్లో విటమిన్ కె సాయంతో కాల్షియాన్ని పట్టుకునే కొక్కెం తగిలిస్తుంది. వాడేసిన విటమిన్ కెను తిరిగి పనికొచ్చేలా చేసే ఎంజైమును ఈ మందులు ఆపుతాయి. కొక్కెం లేని ఫ్యాక్టర్లు రక్తంలో ఊరికే తిరుగుతుంటాయి. అయితే అప్పటికే తయారైనవి ఖర్చయ్యేదాకా మందు గుణం కనబడదు. ఏడో ఫ్యాక్టరు కొన్ని గంటల్లోనే తగ్గిపోతుంది గానీ ప్రోత్రాంబిన్ తగ్గడానికి రోజులు పడుతుంది. అందుకే తొలి నాలుగైదు రోజులు హెపారిన్ తోడు కావాలి.

కొత్త మందుల్లో రివరాక్సబాన్, అపిక్సబాన్ నేరుగా పదో ఫ్యాక్టరు మీద, డాబిగట్రాన్ త్రాంబిన్ మీద పడతాయి. వీటికి తరచూ రక్తపరీక్ష అక్కర్లేదు. కానీ లోహపు కవాటం ఉన్నవారికి ఇవి పనికిరావు. కీళ్లవాత జ్వరం వల్ల కవాటం చెడి గుండె లయ తప్పినవారికి కూడా వార్ఫరిన్ లాంటి పాత మందే మేలని 2022లో వెలువడిన ఇన్విక్టస్ అధ్యయనం తేల్చింది. ఆ జబ్బు ఇంకా వదలని మన దేశానికి ఇది చిన్న విషయం కాదు.

ఐఎన్‌ఆర్, ఆకుకూరలు, నొప్పి సూదులు

ఎసిట్రోమ్ వాడేవారి బతుకంతా ఐఎన్‌ఆర్ అనే అంకె చుట్టూ తిరుగుతుంది. నీలిమూత గొట్టంలో తీసిన రక్తంలో సిట్రేట్ ఉంటుంది. అది కాల్షియాన్ని కట్టేసి గడ్డకట్టనివ్వదు. ల్యాబులో కాల్షియం, గడ్డకట్టడాన్ని మొదలుపెట్టే థ్రాంబోప్లాస్టిన్ కలిపి ఎన్ని సెకన్లకు గడ్డ కట్టిందో చూస్తారు. ఆ సెకన్లను మామూలు రక్తంతో పోల్చి వేసే అంకే ఐఎన్‌ఆర్. మందు వాడనివారికి ఐఎన్‌ఆర్ ఒకటి దగ్గర ఉంటుంది. చాలామంది రోగులకు 2 నుంచి 3 మధ్య, మైట్రల్ స్థానంలో లోహపు కవాటం ఉంటే ఇంకాస్త పైన ఉంచుతారు. తక్కువైతే కవాటం మీద గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం.

ఆకుకూరలు పూర్తిగా మానేయమని చెప్పేవారున్నారు. అది సరికాదు. తోటకూర, పాలకూర, మునగాకుల్లో విటమిన్ కె ఉన్న మాట నిజమే, కానీ కావలసింది నిలకడ. వారమంతా ముట్టకుండా ఆదివారం గిన్నెడు మునగాకు కూర తింటే అంకె పడిపోవచ్చు. ఉపవాసాలతో రోజులతరబడి తిండి తగ్గితే పెరగవచ్చు.

ఆకుకూర కన్నా నొప్పి మందు ప్రమాదం. ఈ నల్లమల అంచు ప్రాంతంలో చాలా ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, కీళ్ల నొప్పులూ ఎక్కువే. మోకాలు నొప్పని ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకుంటే కండలో రక్తం గూడుకట్టవచ్చు, కడుపులో పుండు పడి మలం తారులా నల్లగా రావచ్చు. సూదికి ముందే ‘నేను ఎసిట్రోమ్ వాడుతున్నా’ అని చెప్పాలి.

రక్తపింజర దారి

స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1781 తర్వాత విశాఖపట్నంలో ఉండి ఆ తీరపు పాములను పరిశీలించాడు. 1796లో అచ్చయిన ఆయన గ్రంథంలో రక్తపింజర పేరు తెలుగులోనే ఉంది: కాటుక రేకుల పొడ. తర్వాత లోకం దాన్ని రస్సెల్ పేరుతోనే పిలిచింది.

దీని విషం గడ్డకట్టడాన్ని ఆపదు, విపరీతంగా మొదలుపెడుతుంది. అందులోని ఎంజైములు పదో ఫ్యాక్టరునూ, ఐదో ఫ్యాక్టరునూ ఒంటినిండా ఒకేసారి మేల్కొల్పుతాయి. ఫైబ్రినోజన్ అంతా చిన్న చిన్న పోగులుగా ఖర్చయిపోతుంది. ఇక చిగుళ్ల నుంచి, కాటు నుంచి కారే రక్తాన్ని ఆపడానికి సరుకు మిగలదు. రివరాక్సబాన్ నిద్రపుచ్చే ఫ్యాక్టరునే పాము తట్టిలేపుతుందన్నమాట.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డకడితే అడుగునే నిలుస్తుంది. నీళ్లలా జారితే విషం ఎక్కిందని, వెంటనే విరుగుడు సీరం ఎక్కించాలని అర్థం. గొట్టం గాజుదే కావాలి, గాజు తగిలితేనే పన్నెండో ఫ్యాక్టరు మేల్కొంటుంది. ప్లాస్టిక్ గొట్టంలోనో, సబ్బుపొడితో కడిగిన గొట్టంలోనో చేస్తే లెక్క తప్పుతుంది. సీరం ఇచ్చాక 6 గంటలకు మళ్లీ చూస్తారు, కాలేయం ఫైబ్రినోజన్ నింపుకోవడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి. ఎసిట్రోమ్ ఎక్కువైనవారికి విరుగుడు విటమిన్ కె. పాము కాటుకు అది పనిచేయదు, అక్కడ కొరత కొక్కేలది కాదు, ఖర్చయిపోయిన ఫైబ్రినోజన్‌ది కాబట్టి.

పాము మందుల కొట్టుకూ చేరింది. చిన్న పింజర అనే మరో పాము విషంలో ప్లేట్‌లెట్లను ఒకదానితో ఒకటి అతుక్కోనివ్వని ప్రొటీన్ ఉంది. దాని ఆకారాన్ని చూసి తయారు చేసిన టిరోఫిబాన్ అమెరికాలో 1998లో అనుమతి పొందింది. యాంజియోప్లాస్టీ చేసేటప్పుడు కొందరికి దాన్ని నరంలోకి ఎక్కిస్తారు. ఆపిన కొన్ని గంటల్లోనే ప్లేట్‌లెట్లు మళ్లీ తమ పనిలో పడతాయి.