పుదుచ్చేరి: ఐరోపా రాజ్యాల బలాబలాలు

పుదుచ్చేరి (పాండిచ్చేరి) కోరమాండల్ తీరాన ఫ్రెంచివారి ముఖ్య స్థావరంగా ఎదిగిన పట్టణం. ఫ్రాన్సువా మార్టిన్ 1674లో ఇక్కడ వర్తక స్థావరం నెలకొల్పాడు. 1693లో డచ్చివారు, 1761, 1778, 1793లలో ఆంగ్లేయులు దీన్ని పట్టుకున్నారు. చివరికి ప్రతిసారీ ఐరోపాలో కుదిరిన సంధులే ఊరిని ఫ్రెంచివారికి తిరిగి ఇప్పించాయి. ఇక్కడి కోట గోడల కన్నా సముద్రం మీది నౌకలూ ఖజానాలోని సొమ్మే ఈ ఊరి రాత రాశాయనాలి.

ఆ సంగతి తెలుగు జిల్లాల చరిత్రలోనే బాగా కనబడుతుంది. గవర్నర్ డూప్లే (1742–54) దేశీయ సిపాయిలకు ఐరోపా కవాతు నేర్పి, నవాబుల వారసత్వ తగాదాల్లో తలదూర్చాడు. హైదరాబాదులో ఉన్న ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం జీతాల కోసం 1753లో నిజాం సలాబత్ జంగ్ కోస్తా తెలుగు జిల్లాలైన ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి రాసిచ్చాడు. 1757 జనవరి నాటి బొబ్బిలి యుద్ధం ఈ సర్కారుల్లో ఫ్రెంచివారి శిస్తు వసూళ్ల కాలపుదే. అదే ఏడాది ప్లాసీ యుద్ధంలో గెలుపుతో ఆంగ్లేయులకు బెంగాల్ ధనం చేజిక్కింది. బెంగాల్ నుంచి వచ్చిన ఆంగ్ల సేనాని కల్నల్ ఫోర్డ్, విజయనగర ప్రభువు ఆనంద గజపతితో కలిసి 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారిని ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పడిపోయింది. సర్కారుల రాబడి ఆగింది. ఫ్రెంచి నౌకాదళం తీరం విడిచి వెళ్లిపోయింది. జీతాలందని సైన్యంతో ఫ్రెంచి సేనాని లాలీ 1760 జనవరిలో ఆంగ్లేయుల చేతిలో వందవాసి దగ్గర ఓడి, ఏడాదికి, 1761 జనవరి 16న, పుదుచ్చేరిని అప్పగించాడు. ఆంగ్లేయులు కోటను, ఊరిని నేలమట్టం చేశారు.

ఈ కాలానికి విలువైన సాక్షి డూప్లే దుబాసీ ఆనందరంగ పిళ్లై తమిళంలో రాసుకున్న దినచర్య. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథం ‘ఆనందరంగరాట్ఛందము’ను అంకితమిచ్చింది ఈయనకే.

1814 నాటి పారిస్ సంధి పుదుచ్చేరిని ఫ్రెంచివారికే ఇచ్చినా, కోట కట్టకూడదని, శాంతిభద్రతలకు చాలినంత బలగమే ఉంచాలని షరతు పెట్టింది. ఊరు మిగిలింది గానీ, ఆంగ్లేయులకు పోటీగా నిలిచే బలం పోయింది.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత వలస సామ్రాజ్యాలే కూలసాగాయి. 1954 మేలో వియత్నాంలోని డియన్ బియన్ ఫూ ఫ్రెంచివారి చేజారింది. జూన్ 13న ఫ్రెంచి పాలనలోని యానాం విముక్తమైంది. అక్టోబరు 18న పుదుచ్చేరి ప్రాంతంలోని కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధుల్లో 170 మంది భారతదేశంలో విలీనానికి ఓటేశారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. చట్టబద్ధమైన బదిలీ మాత్రం ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం తరువాత 1962 ఆగస్టు 16నే జరిగింది. చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నా, యానాం నేటికీ పుదుచ్చేరి పాలనలోనే ఉంది.