రక్తపోటు పరిశీలన: నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్

గుండె ముడుచుకుని రక్తాన్ని బయటికి తోసినప్పుడు ధమనుల గోడల మీద పడే ఒత్తిడి బీపీలో పై అంకె. గుండె వదులైనప్పుడు మిగిలే ఒత్తిడి కింది అంకె. రెండింటినీ పాదరస మిల్లీమీటర్లలోనే చెబుతారు, పాదరసం మెషీన్లు దాదాపు కనుమరుగైనా సరే. మన దేశంలో డాక్టర్లు సాధారణంగా పాటించే హద్దు 140/90. వేర్వేరు రోజుల్లో చూసినప్పుడు ఏ ఒక్క అంకె అయినా ఈ హద్దుకు చేరితే అధిక రక్తపోటుగా లెక్క. ఇంట్లో కొలుచుకునేవారికి హద్దు 135/85. అమెరికా గుండె వైద్య సంఘాలు 2017లో అధిక రక్తపోటు హద్దునే 130/80కి దించాయి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవారిలో దాదాపు 31 శాతానికి, ఆడవారిలో 26 శాతానికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా దాని కోసం మందు వాడుతున్నారు. దేశం మొత్తం మీద ఇవి 24, 21 శాతం. చాలామందికి ఏ బాధా ఉండదు. తలనొప్పి, కళ్లు తిరగడం వస్తేనే బీపీ అనుకోవడం వల్ల ఏళ్లు గడిచిపోతాయి. ఆ లోపు గుండె కండరం మందమవుతుంది, మూత్రపిండాల్లోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి.

నారాయణగూడలోని ప్రయోగశాల

హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, అంటే ఐపీఎం, నగరవాసులకు కుక్క కరిస్తే సూది వేయించుకునే చోటుగా, నీళ్లు పరీక్ష చేయించుకునే చోటుగా పాత పరిచయమే. 2018లో ఈ ఆవరణలోనే తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్ర ప్రయోగశాల మొదలైంది. బస్తీ దవాఖానాలు కూడా అదే ఏడాది వచ్చాయి. దవాఖానాల్లో, పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తీసిన రక్తం, మూత్రం నమూనాలను ప్రయోగశాలకు చేర్చి ఉచితంగా పరీక్షించడం ఈ ఏర్పాటు ఉద్దేశం.

బీపీ రోగికి దీని అవసరం మెషీన్ కంటే తక్కువేమీ కాదు. ఒత్తిడి ఎంతుందో మెషీన్ చెబుతుంది. అది లోపల ఏం చేసిందో తెలియాలంటే క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ఆల్బుమిన్ చూడాలి. షుగర్, కొలెస్ట్రాల్ తోడైతే గుండెపోటు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి అవీ చూడాలి. ఒక ఈసీజీ కూడా తీయించాలి. కొత్తగా బీపీ బయటపడినవారికి ముందుగా చేయించాల్సిన పరీక్షలు దాదాపు ఇవే. ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీల్లో వచ్చే డెబ్బై ఎనభై అంకెల్లో చాలావాటికి ఈ విషయంలో పని లేదు.

కొలిచే తీరు

చేతికి గాలి పట్టీ చుట్టి కొలిచే పద్ధతిని 1896లో ఇటలీ వైద్యుడు రీవా రోచి ప్రవేశపెట్టాడు. ఆయన పట్టీ మరీ సన్నగా ఉండడంతో అంకె ఎక్కువ వచ్చేది. వెడల్పు పెంచాలని 1901లోనే జర్మనీ వైద్యుడు రెక్లింగ్‌హౌసెన్ చెప్పాడు. 1905లో రష్యా సర్జన్ కొరొట్కోవ్ స్టెతస్కోపుతో శబ్దాలు విని రెండు అంకెలనూ పట్టే మార్గం చూపాడు. ఇవాళ ఇళ్లలో ఉన్న డిజిటల్ మెషీన్ శబ్దాలు వినదు. పట్టీలోని గాలికి తగిలే కంపనాలను పసిగట్టి, తయారీదారు రాసిన సూత్రంతో లెక్క కడుతుంది. గుండె లయ తప్పి కొట్టుకుంటున్నవారిలో ఈ లెక్క తడబడుతుంది. అలాంటప్పుడు డాక్టరు చేత్తో చూడడమే మేలు.

పట్టీ గొడవ నూట ఇరవై ఏళ్ల తర్వాత కూడా తీరలేదు. లోపలి గాలి సంచి చేతి చుట్టుకొలతలో కనీసం 80 శాతం చుట్టాలి. లావుపాటి చేతికి మామూలు పట్టీ బిగిస్తే లేని బీపీ కూడా కనిపిస్తుంది. మెషీన్ కొనేటప్పుడు ధర అడుగుతాం, వారంటీ అడుగుతాం, పట్టీ సైజు మాత్రం అడగం.

మిగతా తప్పులూ ఇలాంటివే. మెట్రో మెట్లెక్కి వచ్చి క్లినిక్‌లో కూర్చోగానే చేయి చాపితే వచ్చేది నిజమైన అంకె కాదు. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. వీపు ఆనాలి, పాదాలు నేల మీద ఉండాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. కిందికి వేలాడితే పై అంకె పది దాకా పెరుగుతుంది. మాట్లాడుతుంటే మరో పది. మూత్రం ఆపుకుని కూర్చున్నా పెరుగుతుంది. అరగంట ముందు నుంచి టీ, కాఫీ, సిగరెట్ వద్దు. చొక్కా చెయ్యి పైకి బిగించి మడవడం కంటే చొక్కా తీసేయడం మంచిది. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతినే తర్వాత ఎప్పుడూ వాడాలి.

ఒక్క అంకెతో ఏదీ తేల్చకూడదు. వారం పాటు పొద్దున మాత్రకు, టిఫినుకు ముందు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, నిమిషం ఎడంతో కొలిచి రాసుకోవాలి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయాలి. డాక్టరు ముందు మాత్రమే పెరిగే బీపీ, అక్కడ బాగుండి ఇంట్లో పెరిగే బీపీ, రెండూ ఇలాగే బయటపడతాయి. రెండోది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే ఎవరూ అనుమానించరు. పార్కు గేటు దగ్గర నడక ముగించిన వెంటనే చూపించుకునే బీపీ వల్ల ఉపయోగం తక్కువ. అది వ్యాయామం చేసిన శరీరం అంకె. మరోవైపు, రోజుకు పదిసార్లు మెషీన్ పెట్టుకునేవారికి ఆ దిగులుతోనే బీపీ పెరుగుతుంది.

అశోక్‌నగర్ కుర్రాళ్లు

గ్రూప్స్, సివిల్స్ కోచింగ్ కోసం జిల్లాల నుంచి వచ్చి అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండేవారు, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో రోజంతా కూర్చునేవారు ఎక్కువగా ఇరవై, ముప్పైల వయసువారు. బీపీ తమ వయసు జబ్బు కాదని అనుకుంటారు. గంటల తరబడి కూర్చోవడం, చాలని నిద్ర, టీ మీద టీ, మెస్ భోజనంలో కూరకు బదులు పచ్చడి, వీటిలో ఏ ఒక్కటీ రాత్రికి రాత్రే జబ్బు తేదు. అన్నీ కలిసి ఏళ్లపాటు సాగితే సంగతి వేరు. ముప్పైకి ముందే 140 దాటితే మూత్రపిండాల జబ్బు, థైరాయిడ్, అడ్రినల్ గ్రంథుల సమస్య లేవని ముందు తేల్చుకోవాలి. ‘టెన్షన్ వల్లే’ అని వదిలేస్తే ఇవి దొరకవు.

ఉప్పు, మాత్రలు, అతిమధురం

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే టీ చెంచాడు, దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. భారతీయులు సగటున తినేది సుమారు 8 గ్రాములని జాతీయ సర్వే అంచనా. మనకు అదనపు ఉప్పు ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, ఊరమిరపకాయలు, కారప్పొడుల రూపంలో పళ్లెం అంచుకు చేరుతుంది. వంటలో ఉప్పు తగ్గించి పచ్చడి రెండుసార్లు వేసుకుంటే లెక్క సమానమే.

మందుల షాపులో చీటీ లేకుండా కొనే డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, బీపీ మందు పనిని తగ్గిస్తాయి. జలుబు మాత్రల్లో కొన్నీ అంతే. గాయకులు వచ్చే త్యాగరాయ గానసభ చిక్కడపల్లిలోనే ఉంది కాబట్టి ఇంకొకటి చెప్పాలి: గొంతు కోసం అతిమధురం రోజూ చప్పరిస్తే శరీరంలో పొటాషియం తగ్గి బీపీ పెరుగుతుంది.

నడకకు 76 ఎకరాల ఇందిరా పార్కు దగ్గరలోనే ఉంది. వారానికి నూటయాభై నిమిషాలు, మాట్లాడగలిగేంత వేగంతో నడిస్తే చాలు.

మందు

2017 చివర్లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం తొలి రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. రాష్ట్రమంతటా ఒకే చికిత్సా క్రమం, మందుల నిల్వ తప్పకుండా చూడడం, మళ్లీ రాని రోగిని వెతకడం దాని పద్ధతి. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, క్లోర్థాలిడోన్ వంటి పాత, చవక మందులే ప్రధానం. ఆమ్లోడిపిన్‌తో కొందరికి చీలమండలు వాస్తాయి. అప్పుడు మానేయకుండా డాక్టరుకు చెబితే మందు మారుస్తారు. అంకె మామూలైందని మాత్ర ఆపేవారే ఎక్కువమంది, కానీ అది మామూలైంది మాత్ర వల్లనే. డెబ్బై దాటినవారికి నిలబడ్డాక కూడా ఒకసారి కొలవాలి. లేవగానే బీపీ పడిపోయి బాత్రూంలో పడేవారున్నారు.

అత్యవసరం

180/120 దాటినా ఏ బాధా లేకపోతే కూర్చుని కాసేపటికి మళ్లీ కొలిచి, అప్పటికీ తగ్గకపోతే అదే రోజు డాక్టరును కలవాలి. నాలుక కింద మాత్ర పెట్టి ఒక్కసారిగా దించడం ప్రమాదం. అంత బీపీతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, చెమటలు, మూతి వంకర, చేయి పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం వంటివి ఉంటే 108 అంబులెన్సుకే ఫోన్ చేయాలి. అసలు ఈ లక్షణాలుంటే అంకె ఎంతైనా అంతే. షుగర్ ఉన్నవారికి, ఆడవారికి గుండెపోటు నొప్పి లేకుండా ఆయాసంగానే రావచ్చు. రోగిని స్కూటరు వెనక కూర్చోబెట్టి తీసుకెళ్లకూడదు. పక్షవాతంలో గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు కాబట్టి లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో గుర్తుపెట్టుకుని, బీపీ రాసుకున్న పుస్తకం, వాడుతున్న మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లాలి.