విమానచోదకుల సీనియారిటీ – అమెరికా ప్రాంతీయ విమానసంస్థలు

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని విమానసంస్థలయందు పైలట్‌గా చేరిన ప్రతివ్యక్తికిని, చేరిన తేదీ ననుసరించి, ఒక వరుససంఖ్య నిర్ణయింపబడును. ఏ నగరము స్థావరముగా పనిచేయవలెను, ఏ రకపు విమానమును నడుపవలెను, ఫస్ట్ ఆఫీసర్ కూర్చుండు కుడి సీటునుండి కెప్టెన్ కూర్చుండు ఎడమ సీటునకు ఎన్నడు మారవలెను, నెలలో ఏయే దినములు ఇంటి పట్టున ఉండవచ్చును, వ్యాపారము క్షీణించినపుడు ఎవరు ముందుగా లేఆఫ్ కావలెను అను విషయములన్నియు ఆ సంఖ్యపైననే ఆధారపడి యుండును. దీనినే సీనియారిటీ సంఖ్య యందురు. దీని బలమెంతటిదో పరిమితియు నంతటిదే. ఒక సంస్థలో ఇరువది సంవత్సరములు కెప్టెన్‌గా నుండిన నిపుణుడు మరియొక సంస్థలో చేరినచో, అచ్చటి పట్టికలో అట్టడుగున, తొలి సంవత్సరపు జీతముతో, నిన్నమొన్న వచ్చినవారి సరసన నిలువవలసి యుండును. పెద్ద సంస్థల పేరును రంగులను ధరించి చిన్న పట్టణములకు విమానములు నడుపు ప్రాంతీయ సంస్థల పుట్టుకయు, పెరుగుదలయు, నేటి సంకటమును ఈ ఒక్క నియమముతో ముడివడి యున్నవి.

ఈ పద్ధతి ఏ యజమానియు దయతో ప్రసాదించినది కాదు. తపాలా విమానముల తొలిదినములలో పైలట్ ఉద్యోగము పై అధికారి ఇష్టానిష్టములపై నిలిచి యుండెను. 1919 జులైలో న్యూయార్క్ సమీపమున దట్టమైన పొగమంచులో ఎగురుటకు నిరాకరించిన ఇరువురు పైలట్లను తపాలాశాఖ తొలగింపగా, తోటివారు సమ్మె చేసిరి. కొలది దినములలోనే శాఖ రాజీకి రావలసి వచ్చెను. తరువాత తపాలా రవాణా ప్రైవేటు సంస్థలకు సంక్రమించి, ఆర్థికమాంద్యము తోడై, జీతముల కోతలు మొదలుకాగా, 1931లో డేవిడ్ బెంకీ అను పైలట్ నాయకత్వమున షికాగోలో ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్, సంక్షేపముగా అల్పా, అవతరించెను. మరుసటి సంవత్సరమే సెంచురీ ఎయిర్ లైన్స్ అధిపతి ఎర్రెట్ కార్డ్ జీతములు తగ్గింపబోగా ఆ సంఘము ఎదిరించి నిలిచెను. 1934లో జాతీయ కార్మిక మండలి తన 83వ నిర్ణయమున, పైలట్ నెలకు 85 గంటలకు మించి ఎగురరాదనియు, జీతమును గంటలతోపాటు ప్రయాణించిన మైళ్లను బట్టియు లెక్కింపవలెననియు శాసించెను. రైల్వే కార్మిక చట్టము 1936లో విమానసంస్థలకు వర్తింపజేయబడెను. 1939లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో అల్పా తన మొదటి ఒప్పందమును కుదుర్చుకొనెను.

సీనియారిటీ భావన రైలు ఇంజను డ్రైవర్ల సంఘములనుండి గ్రహింపబడినది. ప్రతిభకు బదులు కాలమునకు పట్టము కట్టుట న్యాయమా యని సందేహించువారు గలరు. కాని పైలట్ వృత్తిలో ప్రతిభను కొలుచుట ఎట్లు? నియమితకాలమున జరుగు పరీక్షలలో అతడు నెగ్గవలెను, లేదా తొలగవలెను. నెగ్గినవారిలో మొదటివాడు, పదవవాడు అను భేదము లేదు. పదోన్నతి యధికారి చేతిలో నున్నచో, వాతావరణము బాగులేదని వెనుదిరిగిన కెప్టెన్, ఒక భాగము అనుమానాస్పదముగా నున్నదని ప్రయాణమును నిలిపిన కెప్టెన్, అదనపు ఇంధనము కోరిన కెప్టెన్ తమ భవిష్యత్తును పణముగా నొడ్డవలసి వచ్చును. ఎవరికిని తలవంచక "నేను ఎగురను" అనగల ధైర్యమును పైలట్‌కు ఈ వరుససంఖ్యయే యిచ్చినది. ప్రయాణికుని ప్రాణమునకు ఇంతకన్న మంచి హామీ వేరొకటి కానరాదు.

అయితే పట్టికలోనికి ప్రవేశము లభించినవారినే అది రక్షించెను. హెలెన్ రిచీ అను మహిళ 1934 చివర సెంట్రల్ ఎయిర్‌లైన్స్‌లో పైలట్‌గా నియమింపబడినను, పైలట్ల సంఘము ఆమెను సభ్యురాలిగా అంగీకరింపకపోగా, మరుసటి సంవత్సరమే రాజీనామా చేసెను. వైమానికదళమున ఆరితేరిన నల్లజాతి పైలట్ మార్లన్ గ్రీన్ 1957లో కాంటినెంటల్ సంస్థకు దరఖాస్తు చేసి, వర్ణవివక్షకు గురియై, 1963లో సుప్రీంకోర్టున గెలిచి, 1965లో గాని విమానము నెక్కలేకపోయెను.

రెండవ ప్రపంచయుద్ధానంతరము పౌరవిమానయాన మండలి చిన్న పట్టణముల కొఱకు స్థానిక సేవాసంస్థలకు అనుమతి యిచ్చి, సర్కారు సొమ్ముతో పోషించెను. పీడ్‌మాంట్, మోహాక్, ఓజార్క్, ఫ్రాంటియర్ మొదలగునవి అట్టివి. డీసీ-3 విమానములతో ఆరంభించిన ఆ సంస్థలు జెట్‌లకు ఎదిగి, అలెఘెనీ వంటివి పెద్ద సంస్థలే యయ్యెను. 1967లో ఆ అలెఘెనీయే, తనకు గిట్టుబాటు కాని మేరీలాండ్‌లోని హేగర్స్‌టౌన్ మార్గమును హెన్సన్ ఏవియేషన్ అను చిన్న సంస్థకు అప్పగించి, అలెఘెనీ కమ్యూటర్ అను పేరున నడిపించెను. టికెట్టు పెద్ద సంస్థది, పైలట్ చిన్న సంస్థవాడు. నేటి వ్యవస్థకు బీజము అచ్చటనే పడినది.

1978 అక్టోబరులో వచ్చిన నియంత్రణ తొలగింపు చట్టముతో ఆ బీజము మహావృక్షమయ్యెను. మార్గములు, ఛార్జీలు సంస్థల ఇష్టమునకు విడువబడగా, పెద్ద సంస్థలు కొన్ని నగరములను కేంద్రములుగా చేసికొని, చుట్టుపట్ల పట్టణములనుండి ప్రయాణికులను చేరవేయు పనిని చౌకగా చేయువారికి కాంట్రాక్టు నిచ్చెను. పెద్ద సంస్థలలోని పైలట్లు దీనిని భయముతో చూచిరి. తమ పని చేజారకుండుటకై, ప్రాంతీయ సంస్థలు నడుపు విమానముల పరిమాణమునకు హద్దులు విధించు షరతును ఒప్పందములలో చేర్పించిరి. దానిని స్కోప్ క్లాజ్ అందురు. 50 సీట్లు, 70 సీట్లు అనుచు జరిగి, నేడు ఆ హద్దు 76 సీట్లు, గరిష్ఠ బరువు 86,000 పౌండ్ల వద్ద నిలిచి యున్నది. ఎంబ్రాయర్ నిర్మించిన నూతన ఈ175-ఈ2 విమానము ఇంధనపొదుపున మేలైనదైనను, ఆ బరువును మించుటచే అమెరికాలో దానికి చోటు లేకపోయినది.

కాంట్రాక్టు నడక కొంత వివరింపదగినది. ఛార్జీ నిర్ణయము, టికెట్ల అమ్మకము, ఇంధనవ్యయము పెద్ద సంస్థవి. ప్రాంతీయ సంస్థకు విమానము లేచిన లెక్కన సొమ్ము ముట్టును. కొన్నేండ్లకొకమారు కాంట్రాక్టు వేలమునకు వచ్చినట్లే. ఎవరు చౌకగా నడిపెదరో వారికే పని. పైలట్ జీతము ఏటేట పెరుగును గనుక, అనుభవజ్ఞులతో నిండిన పాత సంస్థ ఖరీదైనదగును. కొత్తవారితో మొన్న పుట్టిన సంస్థ చౌకైనదగును. పైలట్‌ను రక్షించుటకై యేర్పడిన సీనియారిటీ ఈ రంగమున అతని సంస్థనే బలిగొనునదయ్యెను. దీనికి సిన్సినాటీలోని కోమ్‌ఎయిర్ నిదర్శనము. 1993లో అమెరికాయందు తొలిసారి 50 సీట్ల కెనడా జెట్‌ను ప్రవేశపెట్టిన కీర్తి దానిది. డెల్టా దానిని సొంతము చేసికొనినను, ఇరుసంస్థల పైలట్ల పట్టికలు కలియలేదు. 2001లో కోమ్‌ఎయిర్ పైలట్లు 89 దినములు సమ్మె చేసి జీతములను మెరుగుపరచుకొనిరి. 2012 సెప్టెంబరులో డెల్టా ఆ సంస్థను మూసివేసెను. నాటితో ఆ పైలట్ల సంఖ్యలన్నియు చెల్లని నాణెము లయ్యెను.

సంఖ్య పలుకుబడిని పైలట్ దైనందిన జీవితమున చూడవలెను. ఒకే దినమున శిక్షణలో చేరిన ఇరువదిమందిలో ఎవరు ముందను ప్రశ్న వచ్చినపుడు, పలు సంస్థలలో వయసున పెద్దవానికి పై సంఖ్య యిత్తురు. కొన్నింట సోషల్ సెక్యూరిటీ నంబరు చివరి అంకెలను బట్టి తేల్చెదరు. ఆ చిన్న భేదము ముప్పదియేండ్లు వెంటనంటును. ప్రతినెల డ్యూటీ వరుసలకు బిడ్డింగ్ జరుగును, పై సంఖ్యవారు పండుగలు, శని ఆదివారములు ఇంట గడుపునట్లు కోరుకొందురు, మిగిలినది క్రిందివారిది. అట్టడుగువారికి వరుసయే యుండదు, రిజర్వ్ డ్యూటీ పడును. ఫోను మ్రోగినంతనే విమానాశ్రయమున హాజరు కావలెను. ఇల్లొక రాష్ట్రమున, స్థావరమొక రాష్ట్రమున నుండుటచే, విమానాశ్రయము చెంత పదిమంది కలిసి అద్దెకు తీసికొన్న గదులలో, క్రాష్ ప్యాడ్ అని పేరుపడిన ఇరుకు మంచములపై, అనేకులు పిలుపునకై నిరీక్షింతురు. కెప్టెన్ పదవి వచ్చినను, కెప్టెన్ల పట్టికలో మరల అట్టడుగున పడవలెనని, జీతము తక్కువైనను కుడిసీటుననే నిలిచిపోవువారు పెక్కురు.

రెండు సంస్థలు విలీనమైనపుడు రెండు పట్టికలను కూర్చుట మహాకష్టము. అలెఘెనీ, మోహాక్ 1972లో కలిసినపుడు పౌరవిమానయాన మండలి విధించిన న్యాయమైన సమ్మేళనసూత్రము చిరకాలము ప్రమాణముగా నుండెను. 2001లో అమెరికన్‌లో విలీనమైన టీడబ్ల్యూఏ పైలట్లలో అధికసంఖ్యాకులు పట్టిక దిగువకు నెట్టబడుటచే, 2007లో కాంగ్రెసు ఆ సూత్రమునకు చట్టరూపమొసగెను. అమెరికా వెస్ట్, యూఎస్ ఎయిర్‌వేస్ 2005లో కలిసినను, మధ్యవర్తి జార్జ్ నికొలావ్ 2007లో ఇచ్చిన తీర్పును ఒక పక్షము అంగీకరింపక, ఆ వివాదము అమెరికన్‌తో విలీనము వరకును కొనసాగెను.

2001 తరువాతి దశాబ్ది ప్రాంతీయ పైలట్లకు గడ్డుకాలము. పెద్ద సంస్థలు దివాలా తీసెను. 1960లో అమలునకు వచ్చిన అరువదియేండ్ల పదవీవిరమణ నియమము 2007 డిసెంబరులో అరువదియైదునకు పెరిగి, అయిదేండ్లపాటు ఖాళీలు స్తంభించెను. మెట్టుగా తలచిన ప్రాంతీయ ఉద్యోగమే జీవితమైపోయెను. 2009 ఫిబ్రవరి 12వ తేదీ రాత్రి, కాంటినెంటల్ పేర కోల్గన్ ఎయిర్ నడుపుచున్న విమానము బఫెలో సమీపమున కూలి, నేలమీది యొకనితో కలిపి 50 మంది మరణించిరి. విమానము వేగము కోల్పోవుచున్నదన్న హెచ్చరికకు కెప్టెన్ విరుద్ధముగా స్పందించెను. ఫస్ట్ ఆఫీసర్ ఆ ముందటి రాత్రి సియాటిల్‌నుండి ఖండమును దాటి డ్యూటీకి వచ్చినదని దర్యాప్తున తేలినపుడు, టికెట్టుమీది పేరు వెనుక నున్న జీతములు, అలసట దేశమునకు తొలిసారి తెలియవచ్చెను. మృతుల బంధువుల పట్టుదల ఫలితముగా 2010లో చట్టము వచ్చెను. 2013నుండి ఫస్ట్ ఆఫీసర్‌కు కూడ 1,500 గంటల అనుభవము తప్పనిసరి యయ్యెను. సైనిక పైలట్లకు 750, విమానయాన పట్టభద్రులకు 1,000 గంటలు చాలును. ఆ ప్రమాదమున ఇరువురు పైలట్లకును అంతకుమించిన అనుభవముండెనని నియమమును వ్యతిరేకించువారు వాదింతురు, అది నిజమే.

తదుపరి దశాబ్దిలో పెద్ద సంస్థలు తిరిగి నియామకములు మొదలిడగా ప్రాంతీయ సంస్థలు ఖాళీ కాజొచ్చెను. 2016లో రిపబ్లిక్ పైలట్ల కొరతను ఒక కారణముగా చూపి దివాలా రక్షణ కోరెను. 2017లో హొరైజన్ వందలకొలది ప్రయాణములను రద్దు చేసెను. 2020 మహమ్మారిలో వేలాది సీనియర్ పైలట్లు ముందస్తు విరమణ పొందుటతో, రెండేండ్లలోనే కొరత తీవ్రమై, స్కైవెస్ట్ 2022 మార్చిలో 29 చిన్న పట్టణములనుండి వైదొలగుటకు నోటీసు నిచ్చెను. ఇథాకా, టొలీడో వంటి ఊళ్లను అమెరికన్ విడిచెను. ఆ జూనులో అమెరికన్ ప్రాంతీయ అనుబంధసంస్థలు కొత్త ఫస్ట్ ఆఫీసర్‌కు గంటకు 90 డాలర్లు, కెప్టెన్‌కు 146 డాలర్లు ప్రకటింపగా, తక్కినవియు అనుసరించెను. దరఖాస్తులు వెల్లువెత్తెను. కొరతయని పిలువబడినదానిలో అధికభాగము మనుష్యుల కొరత కాదు, పాత జీతమునకు అంగీకరించువారి కొరత యని దీనివలన స్పష్టమగుచున్నది.

భారతదేశమున స్థితి వేరు. ఇచ్చట 200 గంటల అనుభవముతో వాణిజ్య లైసెన్సు పొందినవారు నేరుగా ఎయిర్‌బస్ కుడిసీటున కూర్చుండవచ్చును. ప్రాంతీయ సంస్థ మెట్టు కాదు. అయినను చిన్న ఊరికి విమానము నిలుచుట ఇచ్చటను కష్టమే: ఉడాన్ పథకము క్రింద 2017 ఏప్రిల్ 27న కడప–హైదరాబాదు మార్గమున తొలి విమానమును నడిపిన హైదరాబాదు సంస్థ ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో సేవలు నిలిపివేసెను.

అమెరికాలో మనుగడకై పలు మార్గములు వెదకబడుచున్నవి. అనుబంధసంస్థలో చేరినవారిని వరుసక్రమమున పెద్ద సంస్థకు చేర్చు ఒప్పందములు వానిలో ముఖ్యమైనవి. 1,500 గంటల నియమము వర్తింపని ముప్పది సీట్ల చార్టర్ సేవలకు స్కైవెస్ట్ 2022లో అనుమతి కోరగా పైలట్ల సంఘము ప్రతిఘటించెను. విరమణ వయసును అరువదియేడునకు పెంచు ప్రతిపాదన 2024 చట్టమున చోటు పొందలేదు. 2025లో మేసా, రిపబ్లిక్ సంస్థలు విలీనమును ప్రకటించెను. ఇవన్నియు ఉపశమనములే. ప్రాంతీయ పైలట్ సంస్థను విడుటకే చేరునంతకాలము అది నిలకడగా నుండజాలదు. అల్పాలో చిరకాలముగా చర్చకు వచ్చుచున్న మార్గమొకటి గలదు: దేశమంతటికిని ఒకే సీనియారిటీ పట్టికను కూర్చి, పైలట్ ఏ సంస్థకు మారినను అతని సంఖ్య వెంట వచ్చునట్లు చేయుట. అది న్యాయమైనదే కాని, ఏ సంస్థయు, పట్టిక పైభాగముననున్న ఏ పైలట్ బృందమును దానికి సమ్మతింపలేదు; నేటికిని అది అమలునకు రాలేదు.