పోటుకు తిథి ఉంది, ఉప్పెనకు లేదు

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు ఆకాశంలో ఉన్నది పున్నమి చంద్రుడు కాదు. దీపావళి అమావాస్య వెళ్లి వారం దాటింది. అష్టమి, నవమి రోజులు, అంటే సముద్రపు పోటు తక్కువగా ఉండే సమయం. అయినా తుఫాను గాలి తోసుకొచ్చిన నీరు సుమారు 5 మీటర్ల ఎత్తున ఊళ్ల మీద పడింది. వేల మంది చనిపోయారు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ మాత్రం సరిగ్గా పౌర్ణమి రోజున వచ్చింది. దాన్ని పుట్టించింది సుమత్రా దగ్గర సముద్రగర్భంలో వచ్చిన భూకంపం.

చంద్రుడి పని ఆటుపోట్ల వరకే. భూమికి తన వైపున్న నీటిని ఆయన ఎక్కువగా, అవతలి వైపు నీటిని తక్కువగా లాగుతాడు. ఈ తేడా వల్ల రెండు వైపులా నీరు ఉబ్బుతుంది. అందుకే మన తీరంలో రోజుకు రెండు పోట్లు, ఒక్కోదానికి మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అమావాస్యకు, పౌర్ణమికి సూర్యుడు కూడా అదే వరుసలోకి వచ్చి తోడవుతాడు కాబట్టి పోటు పెరుగుతుంది. అష్టమికి సూర్యుడు అడ్డంగా లాగుతాడు, పోటు తగ్గుతుంది. తీరం ఆకారమూ లెక్కలోకి వస్తుంది. విశాఖలో పెద్ద పోటుకూ ఆటుకూ తేడా ఒకటిన్నర మీటర్లకు అటూ ఇటూగా ఉంటే, గరాటులా ఇరుకయ్యే ఖంభాత్ సింధుశాఖలో అది పది మీటర్ల దాకా పోతుంది.

తుఫాను హెచ్చరికల్లో ‘సాధారణ పోటు కంటే ఇన్ని మీటర్ల ఎత్తున’ అని చెప్పేది ఇందుకే. ఆ అంకెకు ఆ రోజు పోటును కూడా కలుపుకోవాలి. దివిసీమ ఉప్పెన పౌర్ణమి పోటు వేళ వచ్చి ఉంటే నీరు ఇంకా పైకి లేచేది.

జీవుల విషయానికొస్తే, ఈ లెక్కను డబ్బుతో సహా చూసుకునేది గోదావరి, కృష్ణా జిల్లాల రొయ్యల రైతులు. అమావాస్య, పౌర్ణముల దగ్గర రొయ్యలు ఎక్కువగా పెంకు విడుస్తాయని వాళ్లు చెరువు మీద కన్నేసి ఉంచుతారు. పెంకు వదిలిన రొయ్య మెత్తగా ఉంటుంది, తోటి రొయ్యలే దాన్ని తినేస్తాయి. ఆ సమయంలో దానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. అందుకే ఆ రాత్రులు ఏరేటర్లు ఆపరు, మేత తగ్గిస్తారు, ఖనిజ లవణాలు చల్లుతారు. సముద్రంతో సంబంధం లేని చెరువులో ఆటుపోట్లు ఉండవు మరి. రొయ్య ఈ గడియారాన్ని వెన్నెల నుంచి పట్టుకుంటుందా, ఒంట్లోనే మోస్తుందా అన్నది ఆసక్తికరమైన ప్రశ్న. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ పగడాలు కూడా ఏడాదికోసారి పౌర్ణమి దాటిన కొద్ది రాత్రుల్లోనే ఒక్కసారిగా గుడ్లు, వీర్యకణాలు వదులుతాయి. కోరింగ మడ అడవిలోనైతే పోటు నీరే బతుకు. ఉప్పునీటి బురదలో గాలి అందక చెట్లు వేళ్లను పైకి పంపి, ఆటు వేళ ఊపిరి పీల్చుకుంటాయి.

మనుషుల్లో పిచ్చి, కాన్పులు పౌర్ణమికి ఎక్కువవుతాయన్న నమ్మకం మాత్రం ఆసుపత్రుల లెక్కల ముందు నిలబడలేదు.

సముద్రానికి 400 కిలోమీటర్లకు పైగా దూరంలో, ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి సెక్టర్ 2లో ఉండే తెలుగువాళ్లకూ చంద్రుడి లాగుడు తప్పదు. నీటితో పాటు గట్టి నేల కూడా సాగుతుంది. వాళ్ల క్వార్టర్ల కింది భూమి రోజుకు రెండుసార్లు సుమారు ఒక అడుగు లేచి దిగుతుంది. చుట్టూ ఉన్నవన్నీ కలిసే లేస్తాయి కాబట్టి ఎవరికీ తెలియదు.