కాలాతీత వ్యక్తుల రిజిస్టరు

మాదన్నపేట పేరును విడగొట్టమంటే చరిత్ర తెలిసినవాళ్ళు మాదన్న దగ్గరే ఆగిపోతారు. తానీషా కొలువులో అక్కన్న మాదన్నలని ఇద్దరన్నదమ్ములు, వాళ్ళలో మాదన్న పేరున వెలసిన పేట అంటారు. కానీ చిన్నప్పుడు ఎవరైనా సంధులు బట్టీ పట్టించి ఉంటే ఇంకో దారి కూడా కనిపిస్తుంది. మాది + అన్న = మాదన్న. 'ఇది మాది' అన్న పేట. మొగలుల దాడి రోజుల్లో ఆ అన్నదమ్ములిద్దర్నీ చంపేశారు, 1687లో గోలకొండా పోయింది. పేట మాత్రం రోజూ పొద్దున్నే మండీలో ఉల్లిగడ్డల బస్తాలు దించుకుంటూ 'మాది' అంటూనే ఉంది.

ఇలాంటివి పనిలేని ఆలోచనలని నాకు తెలుసు. ఇక్కడి చిన్న గ్రంథాలయంలో పద్దెనిమిదేళ్ళుగా పుస్తకాలిచ్చి పుచ్చుకుంటున్నవాణ్ణి. పొద్దున పేపర్లు చదివే పెద్దమనుషులు లేచిపోయాక, సాయంత్రం గ్రూప్స్ పరీక్షల పిల్లలు వచ్చేదాకా, మధ్యలో నాలుగ్గంటలుంటాయి. ఆ నాలుగ్గంటల్లో మనిషికి ఏదో ఒక ఆట కావాలి కదా.

నా ఆట పుస్తకాల పేర్లతో. గడువు దాటినా పుస్తకం తిరిగివ్వనివాళ్ళ రిజిస్టరుకు నేను పెట్టిన పేరు 'కాలాతీత వ్యక్తులు'. డాక్టర్ పి. శ్రీదేవి క్షమించాలి. జరిమానా నాణేలు వేసే డబ్బా 'చిల్లర దేవుళ్ళు'. అట్టలూడిపోయి బైండింగుకు ఎదురుచూసే పుస్తకాల బల్ల 'అంపశయ్య'. అటెండరు సెలవు పెట్టిన రోజు నేనే ఊడ్చి, నేనే తాళం తీసి, నేనే స్టాంపు గుద్దుతాను కాబట్టి ఆ రోజుకు నేను 'ప్రజల మనిషి'. వట్టికోట ఆళ్వారుస్వామి ఈ చివరిదానికి కోప్పడడనే నా నమ్మకం. దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు తనే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మిన మనిషి ఆయన.

ఒక్కోసారి ఆట మన ప్రమేయం లేకుండానే నడుస్తుంది. ఒకాయన ఫోన్ చేసి "సార్, మహాప్రస్థానం ఉన్నదా?" అన్నాడు. "ఉన్నది గానీ ఎవరో తీస్కపోయిండ్రు, పదిహేను రోజులైతది" అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. ఆయనకు కావాల్సింది జూబ్లీహిల్స్ శ్మశానవాటిక నంబరు. 1950లో ఆ పేరుతో పుస్తకం వేసినప్పుడు శ్రీశ్రీ ఏమనుకున్నాడో గానీ, ఇప్పుడు హైదరాబాదులో ఎక్కువమంది ఆ మాట అడిగేది కవిత్వం కోసం కాదు.

అంకెల్లోనూ ఆట ఉంది. 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ అచ్చేసిన దశాంశ వర్గీకరణనే మేమిప్పటికీ వాడుతున్నాం. (ఆయనకూ పదాల పిచ్చే. స్పెల్లింగులు సంస్కరించాలని తన ఇంటిపేరునే కొన్నాళ్ళు 'డుయి' అని రాసుకున్నాడు. మా దగ్గర పరీక్షల పిల్లలు 'దేవీ నంబర్' అంటారు. నేను దిద్దను.) ఆయన పద్ధతిలో ఇంగ్లీషు సాహిత్యానికి 820 అంటూ ఒక వీధే ఉంది. తెలుగు సాహిత్యం 894.827. దశాంశం దాటి, సందులోంచి సందులోకి పోతే మూడో గది. దీనిమీద ఉడుక్కోవచ్చు, నేనూ ఉడుక్కున్నాను. కానీ ఆ 894 గల్లీలో మన ఇరుగుపొరుగెవరో చూడండి. తమిళం, మలయాళం, కన్నడం సరే, టర్కీ, తుర్క్‌మెన్ వగైరా తురుష్క భాషలన్నీ అక్కడే. గోలకొండ కుతుబ్‌షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ, ఇరాన్ నుంచి వచ్చిన తుర్కమాన్. అమెరికాలో కూచుని అంకెలు వేసినవాళ్ళకు ఈ సంగతి పట్టి ఉండదు. అయినా తెలుగునూ కుతుబ్‌షాహీల పూర్వీకుల భాషనూ ఒకే అరలో పెట్టారు.

ఆ అరలోనివే నాకు బాగా ఇష్టమైన పుస్తకాలు. ఇబ్రహీం కుతుబ్‌షా (1550–1580) గద్దెక్కక ముందు ఏడేళ్ళు విజయనగరంలో తలదాచుకున్నాడు. తెలుగు అక్కడ వంటబట్టింది. తర్వాత అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానం ఆయనకే అంకితమిచ్చాడు. మాలిక్ ఇబ్రహీం అన్న పేరు పద్యంలో ఇమడాలి. తెలుగు కవులు దాన్ని 'మల్కిభరాముడు' చేశారు. ఇభం అంటే ఏనుగు. ఒక పక్క ఏనుగు, ఒక పక్క రాముడు, మధ్యలో గోలకొండ సుల్తాను. ఇవాళ ఎవరి పేరునైనా ఇలా మారిస్తే కేసులవుతాయి. అప్పుడు పేరు మార్చింది చెరపడానికి కాదు, చనువుకొద్దీ. పాతబస్తీలో తెలుగేముందండీ అని అడిగేవాళ్ళకు నేను వాదన పెట్టుకోను, ఈ పేరొక్కటి కాగితం మీద రాసిస్తాను.

రెండో ఇష్టం పొన్నగంటి తెలగనార్యుడి యయాతి చరిత్ర. పటాన్‌చెరువు ప్రాంతపు కుతుబ్‌షాహీ అధికారి అమీన్‌ఖాన్‌కు అంకితం. సంస్కృత పదం కలవకుండా కావ్యమంతా అచ్చ తెలుగులో రాస్తానని పూనుకున్న మొదటి కవి ఆయన. పుస్తకం పేరు మాత్రం రెండు ముక్కలూ సంస్కృతమే. కృతి తీసుకున్నవాడి పేరేమో అరబ్బీ, తురుష్కం. మధ్యలో అచ్చ తెలుగు! పటాన్‌చెరువు బస్సులో నలుగురు మాట్లాడుకునే తెలుగూ దాదాపు ఇలాగే ఉంటుంది.

మూడోది ఇంకా చిత్రం. మరింగంటి సింగరాచార్యులు కుతుబ్‌షాహీల కాలంలోనే నిరోష్ఠ్య రామాయణం రాశాడు. అంటే చదివేటప్పుడు పెదవి పెదవి తగలకూడదు. ప, ఫ, బ, భ, మ నిషేధం. మ లేకపోతే రాముడెలా? రాముడి కథలో రాముడనే పేరే పలకడానికి లేదు. అందుకే కావ్యం పేరు 'దశరథరాజనందన చరిత్ర'. కావాలంటే పైకి చదివి చూడండి, పెదవులు కలవవు. ఇది తెలిసిన నాటి నుంచి మండీకి పోయినప్పుడల్లా నాకో జబ్బు పట్టుకుంది. కాకర, దొండ, చిక్కుడు, సొర, గోంగూర నిరోష్ఠ్యాలు. బెండ, బీర, టమాట, మిర్చి, పుదీన, కొత్తిమీర కుదరవు. నిరోష్ఠ్య వ్రతం పట్టినవాడికి పులుసు దొరకడం కష్టం.

ఇవన్నీ చిల్లర సరదాలని పండితులు తీసిపారేసేవే. అలా తీసిపారేసినవాటిని ఏరుకున్న మనిషి వేటూరి ప్రభాకరశాస్త్రి. ఆయన మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో ఉద్యోగి. అక్కడి అసలు కొలువు కావ్యాలు, శాస్త్రాలు, వ్యాఖ్యానాలతో. తాళపత్రాల్లోంచీ జనం నోళ్ళలోంచీ ఆయన ఏరినవి మాత్రం చాటువులు. పల్నాటి జొన్నకూడు మీద శ్రీనాథుడి విసుగు, తెనాలి రామకృష్ణుడి వెటకారాలు, పేరు తెలియనివాళ్ళ తిట్లు. అవి ఏ కావ్యానికీ చెందవు, ఏ శీర్షిక కిందా ఇమడవు. ఆయన చాటుపద్యమణిమంజరి వేయకపోతే వాటిలో ఎన్ని మిగిలేవో. ఇంచుమించు ఎనభయ్యేళ్ళు గడిచాక, 1998లో, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్ చాటువుల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే తెచ్చారు. అప్పుడు గానీ మనకవి సాహిత్యంలా కనపడలేదు. తిరుపతిలో అన్నమయ్య రేకుల కోసం వేటూరి పడ్డ శ్రమ అందరికీ తెలిసిందే. నాకైతే ఈ చాటువుల పనే పెద్దదనిపిస్తుంది. రేకులు రాగివి. ఇవి నోటిమాటలు, ఒక తరం మరిస్తే పోయేవే.

ఇదంతా ఇప్పుడు ఎందుకు చెప్తున్నానంటే, పైనుంచి ఒక కాగితం వచ్చింది. స్థలం చాలదు, పదేళ్ళుగా ఎవరూ తీసుకెళ్ళని పుస్తకాల జాబితా పంపండి, తీసేద్దాం అని. అందులో అన్యాయమేమీ లేదు. పరీక్షల పుస్తకాలకు నిజంగానే అర లేదు, పిల్లలు నేలమీద పెట్టుకుని చదువుతున్నారు. 'ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు' అని రంగనాథన్ 1931లో సూత్రం రాశాడు గానీ, ఆ పాఠకుడు పదేళ్ళలోపు రావాలని రాయలేదు. జాబితా తీశాను. నలభై ఆరు పుస్తకాలు. యయాతి చరిత్ర ఉంది, చాటుపద్యమణిమంజరి రెండు భాగాలూ ఉన్నాయి, తపతీసంవరణోపాఖ్యానం ఉంది.

కాగితంలో 'ఎవరూ తీసుకెళ్ళని' అని ఉంది. ఎవరు అన్నదానికి నిర్వచనం లేదు. నా కార్డు మీద ఒకసారికి మూడు పుస్తకాలొస్తాయి. మా ఆవిడ కార్డు మీద మూడు, అటెండరుకు మూడు. మండీలో ఉల్లిగడ్డల కొట్టాయన ఉర్దూ మీడియంలో చదివాడు, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. మల్కిభరాముడి సంగతి చెప్తే "క్యా బాత్ హై" అని మెంబరై, తపతీసంవరణోపాఖ్యానం తీసుకుపోయాడు. గడువు దాటి వారమైంది, తేలేదు. కాలాతీత వ్యక్తుల్లో ఆయన పేరు రాసుకున్నాను, అడగడానికి మాత్రం పోలేదు.

నెలాఖరుకు జాబితా పంపాలి. ఇంకా పదకొండు పుస్తకాలున్నాయి. మా అత్తమ్మకు కార్డు చేయించాలి, రెండు ఫోటోలు కావాలట.