అప్పీలు వేయని వకీలు: శిక్ష పడ్డాక మిగిలే దారులు

కింది కోర్టులో శిక్ష పడిన మనిషి పై కోర్టుకు వెళ్లాలనుకున్నా, అతని న్యాయవాది గడువులోగా అప్పీలు వేయకపోతే ఏం చేయాలి? భారతీయ చట్టంలో దీని కోసం విడిగా పెట్టిన పిటిషనంటూ లేదు. ఆలస్యంగానైనా అప్పీలే వేయాలి, ఆ ఆలస్యాన్ని మన్నించమని దానితో పాటు ఇంకో దరఖాస్తు పెట్టాలి. అదనంగా ఉన్న దారులు రెండు మూడే.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల క్రిమినల్ కేసులు ఎక్కువగా ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల సముదాయంలో తేలతాయి. చెక్ బౌన్స్ లాంటి కేసులో మేజిస్ట్రేట్ శిక్ష వేస్తే అప్పీలు అక్కడే, సెషన్స్ కోర్టులో. సెషన్స్ జడ్జి శిక్ష వేస్తే మూసీ ఒడ్డున ఉన్న హైకోర్టుకు వెళ్లాలి. ఈ హక్కు ఇంతకుముందు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 374వ సెక్షన్‌లో ఉండేది. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 415లో ఉంది. గడువు మాత్రం 1963 నాటి లిమిటేషన్ చట్టం చెబుతుంది: సెషన్స్ కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 60. మరణశిక్ష మీద హైకోర్టుకు వెళ్లడానికి 30 రోజులే.

మరణశిక్ష విషయంలో ఇంకో తేడా ఉంది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో 107 బస్టాపు దగ్గరా, ఏ1 మిర్చి సెంటర్ దగ్గరా జరిగిన జంట పేలుళ్ల కేసులో జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) ప్రత్యేక కోర్టు 2016 డిసెంబరులో అయిదుగురికి మరణశిక్ష వేసింది. ఆ శిక్షను హైకోర్టు ఖాయం చేస్తే తప్ప అమలు చేయడానికి వీల్లేదు కాబట్టి రికార్డు దానంతటదే పైకి వెళ్లింది. ముద్దాయిలూ అప్పీళ్లు వేశారు. అన్నిటినీ కలిపి విన్న తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్ 8న శిక్షలను ఖాయం చేసింది. అదే పదేళ్ల శిక్ష పడినవాడి ఫైలైతే ఎవరో ఒకరు కదిపితే తప్ప ఎల్బీనగర్ రికార్డు రూము దాటి రాదు. ఉరికంబం ఎక్కాల్సినవాడికి చట్టమే పూచీ పడింది, పదేళ్లవాడిని వకీలుకు వదిలేసింది.

ఎన్ఐఏ కేసుల్లో గడువు మరీ గట్టిది: 30 రోజులు, కారణం చూపితే మొత్తం 90, ఆ తర్వాత అప్పీలు తీసుకోకూడదని ఎన్ఐఏ చట్టం 21వ సెక్షన్ అంటుంది. దీన్ని హైకోర్టులు తలోరకంగా చదివాయి. 90 రోజులు దాటాయన్న ఒక్క కారణంతో అప్పీళ్లు కొట్టేయొద్దని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో మధ్యంతరంగా చెప్పింది.

అసలు వేయకపోవడం కంటే, వేసి వదిలేయడంలోనే చిక్కు ఎక్కువ. హైకోర్టు ఫైలింగ్‌లో కాగితాలు ఇవ్వగానే ముందు ఎస్సార్ నంబరు పడుతుంది. పరిశీలనలో లోపాలు కనబడితే కట్ట వెనక్కి వస్తుంది. సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి, ఇస్తేనే క్రిమినల్ అప్పీలు నంబరు. “వకీల్ సాబ్, మన అప్పీలు పడిందా?” అని ఇంటివాళ్లు ఫోన్ చేస్తే “నంబరు పడిందమ్మా” అనే జవాబు వస్తుంది. అది అబద్ధం కాదు. కాకపోతే పడింది ఎస్సార్ నంబరు, కట్ట గుమాస్తా బీరువాలో ఉంది.

బెయిలు మీద ఉన్నవాడి కష్టం వేరు. మూడేళ్లకు మించని శిక్షయితే, అప్పీలు వేసుకోవడానికి శిక్ష వేసిన కోర్టే బెయిలిచ్చి కొంత గడువు ఇస్తుంది, మామూలుగా నెల. అప్పీలు నడుస్తోందనుకుని ఇంట్లో నిశ్చింతగా ఉన్న మనిషికి వారంటుతో పోలీసులు తలుపు తట్టినప్పుడు గానీ సంగతి తెలియదు.

ఆలస్యాన్ని మన్నించే అధికారం లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్‌ది. తగిన కారణం చూపాలి. ఈ విషయంలో ఉదారంగా ఉండాలని సుప్రీంకోర్టు 1987లో కాతీజీ కేసులో చెప్పింది. 1998 నాటి ఎన్. బాలకృష్ణన్ కేసు సివిల్‌దే అయినా ఇక్కడ బాగా అతుకుతుంది. వకీలు పని చేయకపోవడం వల్ల 883 రోజులు దాటిపోయాయి. కక్షిదారు ఆ వకీలు మీద వినియోగదారుల ఫోరానికి వెళ్లి 50 వేల పరిహారం కూడా తెచ్చుకున్నాడు. సుప్రీంకోర్టు ఆలస్యాన్ని మన్నించింది. అయితే “మా లాయరు మోసం చేశాడు” అన్న ఒక్క వాక్యం అఫిడవిట్లో నిలవదు. వకాలత్ ఏ రోజు సంతకం చేశారు, ఫీజు ఎలా చెల్లించారు, ఎప్పుడెప్పుడు అడిగారు, ఏం చెప్పారు, నిజం ఏ రోజు తెలిసింది అన్నవి తేదీలతో సహా రాయాలి. ఫోన్‌లోని మెసేజీలు ఇక్కడ పనికొస్తాయి. ముందు ఆలస్యం పిటిషన్ తేలాలి, ఆ తర్వాతే అప్పీలుకు నంబరు, శిక్ష నిలిపివేత మాట. ఆ వాయిదాలన్నీ ముద్దాయి జైల్లో లెక్కపెట్టుకోవాల్సినవే.

జైల్లో ఉన్నవాడికి వకీలుతో పనిలేని దారి ఒకటుంది. సంహిత 424వ సెక్షన్ ప్రకారం అప్పీలును, తీర్పు నకలుతో పాటు, చర్లపల్లిలోనో చంచల్‌గూడలోనో జైలు అధికారికే ఇవ్వవచ్చు. ఆయన దాన్ని కోర్టుకు పంపాలి. తీర్పు నకలు ఖైదీకి ఉచితంగా అందాలని, ముట్టినట్టు సంతకం తీసుకోవాలని, పేదవాడికి అప్పీలుకు వకీలును ప్రభుత్వమే ఇవ్వాలని జస్టిస్ కృష్ణయ్యర్ 1978లో హోస్కోట్ కేసులో రాశారు. నాలుగేళ్లకు పైగా ఆలస్యమైన ఆ ఖైదీ పిటిషన్ మాత్రం కొట్టేశారు, మిగిలినవాళ్లకు దారి మిగిలింది. పై కోర్టుకు వెళ్లడానికి ఉచిత న్యాయసహాయం ఉందని చెప్పే కాగితాన్ని ప్రతి శిక్ష తీర్పుకూ జతచేసే సంగతి హైకోర్టులు పరిశీలించాలని 2024 అక్టోబరులో సుహాస్ చక్మా కేసులో సుప్రీంకోర్టు సూచించింది. 1987 నాటి న్యాయసేవల సంస్థల చట్టం ప్రకారం, కస్టడీలో ఉన్నవారు న్యాయసహాయానికి అర్హులు.

అమెరికాలో పద్ధతి వేరు. కక్షిదారు వేయమన్నా వకీలు అప్పీలు వేయకపోతే నష్టం జరిగిందని విడిగా రుజువు చేయనక్కర్లేదని అక్కడి సుప్రీంకోర్టు 2000లో ఫ్లోరెస్ ఒర్టేగా కేసులో చెప్పింది, 2019లో గార్జా కేసులో ఇంకా విస్తరించింది. మన దగ్గర తప్పు వకీలుదని ఒప్పుకున్నా రోజుల లెక్క చెప్పక తప్పదు. అయితే ఒకసారి అప్పీలు లోపలికి వెళ్లాక మన చట్టం మెత్తన: వకీలు రాలేదన్న కారణంతోనే దాన్ని కొట్టేయకూడదని, రికార్డు చూసి గుణదోషాల మీదే తేల్చాలని 1996లో బనీ సింగ్ కేసు తీర్పు.

వకీలును నిలదీయడానికి 1961 అడ్వొకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానివల్ల వకీలుకు శిక్ష పడొచ్చు గానీ అప్పీలు బతకదు. బాలకృష్ణన్ వెళ్లిన వినియోగదారుల ఫోరం తలుపును సుప్రీంకోర్టు 2024 మే 14న మూసేసింది: న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రావని తీర్పిచ్చింది.

తీర్పు సర్టిఫైడ్ కాపీ మీద ఒక ముద్ర ఉంటుంది: నకలు ఎప్పుడు అడిగారు, రుసుం ఎప్పుడు కట్టారు, ఎప్పుడు సిద్ధమైంది అన్న తేదీలతో. గడువులోగా అడిగి ఉంటే, సిద్ధమయ్యేదాకా పట్టిన రోజులు లెక్కలోంచి పోతాయి. ఆ తేదీలు వకీలును అడగకుండా మీరే చదువుకోండి. ఎస్సార్ కాకుండా అప్పీలు నంబరే అడిగి ఈ-కోర్ట్స్ యాప్‌లో చూసుకోండి. ఏదీ కనబడకపోతే న్యాయసేవల సంస్థ నంబరు 15100.